ముందు చక్రానికి వెనక నట్లు

నేరం ఒప్పుకునేవాళ్లంటే నాకు మొదటి నుంచీ పడదు. దాచినవాడి నోట్లోంచి నిజం లాగడం నా వృత్తి. అడక్కముందే "నేనే చేశాను" అని చేతులు చాచేవాడు నా పొట్ట కొట్టడమే కాకుండా, చాలాసార్లు అబద్ధం కూడా చెబుతుంటాడు.

ఆ మధ్యాహ్నం తన షెడ్డులో నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పెద్దమనిషి సరిగ్గా ఆ బాపతే. రేసు కార్ల మెకానిక్కు. అరవై దాటాయి. ట్రాక్ దగ్గర అందరూ ఆయన్ని గ్రాముల మామయ్య అంటారు. కారు బరువులో ఒక గ్రాము తగ్గుతుందంటే ఒక పూట భోజనం మానేసే రకం. నన్ను పెట్టుకున్నది ఆయన మేనకోడలు. ఆవిడ పళ్ల డాక్టరు. వారమంతా జనం పళ్లు పీకి, సెలవు రోజున మామయ్య తయారుచేసిన కారులో ట్రాక్ మీద చెలరేగిపోతుంది.

పోయిన ఆదివారం రేసు మధ్యలో ఆ కారు ఎడమ వైపు ముందు చక్రం ఊడి దాని దారిన అది వెళ్లిపోయింది. కారు గోడకి కొట్టుకుంది. డాక్టరమ్మకి కుడి భుజం ఎముక విరిగింది. తలకి తగిలిన దెబ్బతో ఆ ఉదయం జరిగినదంతా మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది. ప్రాణానికి మాత్రం ముప్పు లేదు.

ముప్పంతా మామయ్యకే. ఆ సాయంత్రం క్లబ్ కమిటీ కూర్చుంటుంది. తప్పు మెకానిక్కుదని తేలితే పాస్ రద్దు. ఇక బతికున్నన్నాళ్లూ ట్రాక్ మీద ఏ కారుకీ ఆయన పానా పెట్టకూడదు.

"మామయ్య పొరపాటు చేసుండడు, నిరూపించండి," అంది డాక్టరమ్మ ఫోన్‌లో. "ఆ పని లాగేసుకుంటే మనిషి నెల తిరక్కుండా మంచం పడతాడు."

ఆ మామయ్యేమో నా ముందు కూర్చుని ఇదీ వరస.

"నేనే చేశానమ్మా. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? వెనక చక్రాల నట్లు తీసి ముందు చక్రానికి బిగించాను. రాసుకో, బయల్దేరు."

"బయల్దేరతాను. ముందు నట్లు వేరు, వెనక నట్లు వేరు ఎందుకయ్యాయో ఒక్కటి చెప్పండి. కారంటే తాళం తిప్పితే కదిలేదని తప్ప నాకేం తెలీదు."

ఇది నా పాత ఎత్తు. పని మీద ప్రేమున్న మనిషిని ఆ పని గురించి అడిగితే నోరు కట్టుకుని కూర్చోలేడు. మామయ్య కాసేపు గోడకేసి చూశాడు, గొంతు సవరించుకున్నాడు, ఇక ఆగలేకపోయాడు.

"ఇనప నట్టు గట్టిదే. కానీ బరువు. చక్రంతో పాటు తిరిగే బరువంటే పరిగెత్తేవాడి కాలికి రాయి కట్టడమే. తగ్గించాలంటే రెండు దారులు. అల్యూమినియం, టైటానియం. అల్యూమినియం నట్టు ఇనప నట్టులో మూడో వంతే తూగుతుంది."

"అన్నిటికీ అదే పెడితే సరిపోయేదిగా?"

"పెట్టొచ్చు, డ్రైవరు మీద నీకు పగుంటే. ముందు బ్రేకులు ఎంత కాలతాయో ఎప్పుడైనా చూశావా? నాలుగు చుట్లు తిరిగొచ్చాక డిస్క్ మీద నీళ్లు చల్లితే బుస్సుమంటుంది. ఆ వేడికి అల్యూమినియం మెత్తబడుతుంది. లోపలున్న స్టడ్డు, అదే నట్టు ఎక్కే బోల్టు, ఉక్కుది కదా, దాని కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. పట్టు వదిలేస్తుంది. అందుకని ముందు చక్రాలకి టైటానియం. ఎంత కాలినా దానికి లెక్కలేదు. వెనక బ్రేకులకి అంత శ్రమ ఉండదు, అక్కడికి అల్యూమినియం చాలు."

"వెనక కూడా టైటానియమే పెట్టేస్తే ఈ గొడవే ఉండేది కాదు."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "నట్టుకి పది గ్రాముల తేడా. వెనక పది నట్లు. వంద గ్రాములు ఊరికే మోయించమంటావా నా కారు చేత?"

బల్ల మీద, రేసుకి వెంట తీసుకెళ్లే రెండు డబ్బాలున్నాయి. ఒక దాంట్లో అల్యూమినియం నట్లు, ఇంకో దాంట్లో టైటానియం నట్లు. అన్నిటికీ లోపల రాగిరంగు గ్రీజు రాసి సిద్ధంగా ఉంచాడు. రెండు రకాలూ ఒకే అచ్చు, ఒకే బూడిద రంగు. కవల పిల్లల్లాగే ఉన్నాయి. డబ్బాల మీద పేర్లు కూడా లేవు.

"గుర్తు కోసం ఒక రకానికి ఎర్ర రంగో నీలం రంగో వేయించకపోయారా?"

"రంగు నట్లు షోకిల్లాలకి. చేత్తో పట్టుకుంటే తెలిసిపోదూ?"

అనేసి నాలుక కరుచుకున్నాడు. నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇలాంటి క్షణాల కోసమే నేను పెన్షన్ వచ్చే ఉద్యోగం ఏదీ చూసుకోలేదు.

"చేత్తో తెలిసిపోతుందన్నమాట," అన్నాను.

"వయసు మీద పడిందమ్మా. ఇప్పుడు తెలీడం లేదు."

"చూద్దాం. కళ్లు మూసుకోండి."

ఆయన మొహం మాడ్చుకుని కళ్లు మూశాడు. నేను ఒక్కో నట్టే అరచేతిలో పెట్టాను. ఏది పెట్టినా తలకిందులుగా చెప్పాడు. టైటానియానికి అల్యూమినియం, అల్యూమినియానికి టైటానియం. అన్నీ అయ్యాక "చూశావా, నా పని అయిపోయింది," అని గర్వంగా కళ్లు తెరిచాడు.

చూశాను. ఒక్కసారి కూడా సరైన జవాబు రాలేదు. నిజంగా తెలియనివాడికి గుడ్డిగా చెప్పినా సగమన్నా కలిసేవి. పైగా చెప్పిన ప్రతిసారీ ఆ నట్టుని బల్ల వైపు చెయ్యి చాచి డబ్బాలో వేశాడు. ఏ డబ్బాలో వెయ్యాల్సింది ఆ డబ్బాలోనే వేశాడు. నోటికి అబద్ధం నేర్పాడు గానీ చేతికి నేర్పడం మరిచిపోయాడు పాపం.

"చక్రం ఎలా బిగిస్తారో అది చెప్పండి, వెళ్లిపోతాను."

"వేళ్లతో తిప్పి ఎక్కిస్తాను. తర్వాత బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో మూడు విడతలుగా, ఒకటి విడిచి ఒకటి. అయిపోయాక నట్టు మీద నుంచి చక్రం మీదకి పసుపు పెయింట్‌తో గీత. నట్టు వీసమెత్తు కదిలినా గీత విరిగినట్టు కనిపిస్తుంది."

"నట్లు టకటకా బిగించే గన్ మిషను ఉంటుందిగా, దాంతో బిగించరా?"

"గన్నా!" స్టూలు కిందపడింది. "గన్ ఉన్నది విప్పడానికే. తేలిక నట్లని దాంతో బిగించేవాడు నా షెడ్డు గడప తొక్కకూడదు!"

నేను ఆ స్టూలు లేపి నిలబెట్టి, నమస్కారం పెట్టి బయటికొచ్చాను. ఈ మనిషి ఎవరినో వెనకేసుకొస్తున్నాడు. అది ఎవరో నాకప్పటికే అనుమానంగా ఉంది, ఆ అనుమానం నాకు ఏ కోశానా నచ్చలేదు.

*

కారుని క్లబ్ వాళ్లు వెనక గోదాములో తాళం వేసి ఉంచారు. తాళం చెవి ఇస్త్రీ దగ్గరుంది.

ఇస్త్రీ అంటే క్లబ్ తరఫు ఇన్వెస్టిగేటరు. చొక్కా నలుగుతుందని ఎక్కడా కూర్చోడు, మనిషి ఎదురుపడితే ముందు ఆ మడత కనిపించి తర్వాత మొహం కనిపిస్తుంది. ఇంతకు ముందు మూడు కేసుల్లో తలపడ్డాం. రెండు ఆయన గెలిచాడు. ఆ సంగతి ఆయన మరిచిపోడు, నన్ను మరవనివ్వడు.

"ముద్దాయి ఒప్పుకున్నాక కూడా డిటెక్టివ్‌ని పెట్టుకునే వాళ్లుంటారా?" అన్నాడు తలుపు తీస్తూ.

"ముద్దాయి ఒప్పుకున్నాక కూడా మీరు గోదాము దగ్గర కాపలా ఎందుకున్నారు? మీకూ ఎక్కడో దురద పెడుతోంది."

"నాకే దురదా లేదు. అదిగో సాక్ష్యం."

ట్రేలో మూడు నట్లున్నాయి. ట్రాక్ మీద దొరికినవి అవే. లోపలి మరలు తుడిచిపెట్టుకుపోయాయి. చేతిలోకి తీసుకున్నాను. నాకు మామయ్య చెయ్యి లేదు గానీ, ఇందాక షెడ్డులో ఇరవైసార్లు పట్టి చూశాను. తేలిగ్గా ఉన్నాయి. అల్యూమినియమే.

"వీటి అంచులు చూశారా?" అన్నాను. "మూలలన్నీ చిట్లి ఉన్నాయి. గన్ దెబ్బలు."

"తొందరలో గన్ వాడాడు."

"పసుపు గీత లేదు."

"వేడికి కాలిపోయింది."

"కుడి పక్క ముందు చక్రమూ అంతే కాలింది కదా. దాని మీద గీత నవనవలాడుతోంది."

ఇస్త్రీ వంగి చూడబోయి, చొక్కా గుర్తొచ్చి ఆగిపోయాడు. "అయితే గియ్యడం మరిచిపోయాడు. నట్లే తారుమారు చేసినవాడికి గీత ఒక లెక్కా? ముసలాయన, మతిమరుపు. కమిటీకి ఇంతకంటే అక్కర్లేదు."

నిజానికి ఆ వాదనలో పస ఉంది. నాకు ఒళ్లు మండింది. ఏం అనాలో తోచక ఊడిపోయిన చక్రం చుట్టూ రెండుసార్లు తిరిగాను. అంచు సొట్టపోయింది, టైరు చీలింది. నట్ల రంధ్రాల చుట్టూ ఎక్కడా పసుపు చుక్క లేదు. అప్పుడు గుర్తొచ్చింది. గీతలో సగం నట్టు మీద ఉంటుంది, మిగతా సగం చక్రం మీద ఉండిపోతుంది.

"స్టెప్నీ ఎక్కడుంది?"

"వాళ్లు కారు తెచ్చుకున్న వ్యాన్‌లో. చూశాను. ఒక స్టెప్నీ, ఒక జాకీ, ఒక గన్ అని రాసుకున్నాను కూడా."

"తిప్పి చూశారా?"

"చక్రాన్ని తిప్పి చూడటం ఏంటి? రెండు పక్కలా గుండ్రంగానే ఉంటుంది."

వ్యాన్‌లో ఆ చక్రం బోర్లా పడి ఉంది. "ఒక చెయ్యి వేస్తారా?" అన్నాను. ఆయన తన చొక్కా వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, ప్రపంచాన్ని మోస్తున్నవాడిలా నిట్టూర్చి చెయ్యి వేశాడు. చక్రం వెల్లకిలా తిరిగింది. టైరులో గాలి లేదు, పక్కన మేకంత ఇనప ముక్క దిగి ఉంది. ఐదు రంధ్రాల పక్కనా ఐదు పసుపు గీతల ముక్కలు.

ఇస్త్రీ వంగి ఆ గీతల్ని ఒక్కొక్కటే వేలితో తడిమాడు. చొక్కా మీద నల్లటి మరక పడింది, అది కూడా చూసుకోలేదు.

"మామయ్య బిగించిన చక్రం ఇది," అన్నాను. "ఆయన టైటానియం నట్లు పెట్టాడు, గీతలు గీశాడు. ఆ తర్వాత గాలి పోయింది. ఎవరో విప్పి, స్టెప్నీ ఎక్కించి, డబ్బాలోంచి నట్లు తీసి గన్‌తో బిగించారు. తీసింది తప్పు డబ్బాలోంచి."

"ఎవరో ఏంటి? ఆయనే మార్చి ఉంటాడు!"

"రేసుకి ముందు కార్ల తనిఖీ అయ్యాక, రేసు మొదలయ్యేదాకా మెకానిక్కులందర్నీ హాల్లో కూర్చోబెట్టి రూల్స్ చదివించారు కదా. తలుపు దగ్గర నిలబడి హాజరు తీసుకున్నది ఎవరు?"

ఇస్త్రీ చేతిలోని తాళం చెవి జేబులో వేసుకున్నాడు.

"మీరే," అన్నాను. "మామయ్య బయటికొచ్చాడా?"

"లేదు," అన్నాడు. "మొదటి వరసలో కూర్చుని రూల్స్ తప్పని నాతో పోట్లాడాడు. రేసు మొదలయ్యాకే వదిలాను."

ఆయన మీద నాకు ఆ క్షణాన గౌరవం కలిగింది. తనకు ఎదురు తిరిగే నిజాన్ని నీళ్లు నమలకుండా చెప్పడం అందరి వల్లా అయ్యే పని కాదు.

"మరి ఎవరు మార్చినట్టు?"

"విప్పిన ఐదు టైటానియం నట్లు ఎక్కడున్నాయో తెలిస్తే చెబుతాను."

"వ్యాన్ అంతా వెతికాను. లేవు."

"తెలుసు," అన్నాను, బరువుగా.

*

డాక్టరమ్మ సోఫాలో దిళ్లకి ఆనుకుని ఉంది. కుడి చెయ్యి మెడకి వేలాడుతోంది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"దొరికిందా ఏమైనా?"

"దొరికేలా ఉంది. ఆసుపత్రి నుంచి మీ బట్టలు తెచ్చిన సంచి ఉందా?"

"ఇంకా విప్పలేదు. ఆ మూలనుంది. రేసు సూటు కత్తిరించేశారట, చూస్తే ఏడుపొస్తుందని ముట్టుకోలేదు."

సంచి తెచ్చి ఆవిడ పక్కన పెట్టాను. నేనే తీసి చూపించొచ్చు. కానీ చేతులు రాలేదు. నన్ను నమ్మి పిలిచిన మనిషి, నవ్వుతూ చూస్తోంది.

పైన గ్లోవ్స్ ఉన్నాయి. కుడి చేతిదానికి బొటనవేలు, చూపుడువేలు దగ్గర రాగిరంగు మరకలు. ఆవిడ వాటిని చూసి కనుబొమలు ముడిచింది. తర్వాత సూటు తీసింది. తొడ దగ్గర జేబు బరువుగా వేలాడింది. ఎడమ చేత్తో జిప్పు లాగింది. గలగలమని ఐదు నట్లు ఒళ్లో పడ్డాయి.

ఒకటి తీసి అరచేతిలో ఆడించింది. "టైటానియం," అంది అలవాటుగా. ఆ తర్వాత గొంతు మారింది. "ఇవి నా దగ్గరెందుకున్నాయి?"

నేను గాలి పోయిన చక్రం గురించి చెప్పాను. ఆవిడకి ఏమీ గుర్తు రాలేదు. కానీ తనేం చేసి ఉంటుందో తనకి తెలుసు.

"టైటానియం నట్టు ఒకసారి విప్పితే పాత గ్రీజు తుడిచి, కొత్తది రాస్తే గానీ మళ్లీ ఎక్కించకూడదు. మరలు పట్టేస్తాయి. మామయ్య రూలు," అంది నెమ్మదిగా. "టైము లేదు. గ్రీజు రాసినవి డబ్బాలో సిద్ధంగా ఉంటాయి. గ్లోవ్స్‌తో తీసుంటాను. గ్లోవ్స్ ఉంటే బరువు తెలీదు." గ్లోవ్ మీది మరక వైపు చూసింది. "గన్ కూడా వాడానా?"

"వాడారు."

"రూల్లో సగం పాటించి సగం వదిలేశాను," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మామయ్యకి తెలుసా?"

"ట్రాక్ మీద దొరికిన నట్టు చేతిలో పెట్టగానే తెలిసుంటుంది. తను పెట్టింది టైటానియం. కారు దగ్గర మిగిలింది మీరొక్కరే."

"మరి తనే చేశానని ఒప్పుకున్నాడేంటి!"

"తనిఖీ అయ్యాక చెప్పకుండా చక్రం మార్చిన డ్రైవరుకి ఏం శిక్ష?"

ఆవిడ ఒళ్లోని నట్లని ఒక్కొక్కటే గుప్పిట్లోకి తీసుకుంది. "రెండేళ్లు నడపకూడదు." నలభై ఏడేళ్ల మనిషి. ఆ సీజన్‌లో రెండో స్థానంలో ఉంది. రెండేళ్లంటే ఏమిటో నేను వివరించనక్కర్లేదు. ఆ సంచి మళ్లీ మూసేసి నన్ను పంపించేస్తే ఏం చెయ్యాలా అని కూడా ఆలోచించాను.

ఆవిడ కళ్లు తుడుచుకుని ఫోన్ నా ముందుకి తోసింది. "ఆ ఇస్త్రీకి కొట్టండి. రెండేళ్లు నేను నడపకపోతే మామయ్య నన్ను తిట్టుకుంటూ బతుకుతాడు. ఆయన పానా పట్టకపోతే నేను ఎవరితో తిట్టించుకోవాలి?"

ఇస్త్రీ మొదటి రింగుకే ఎత్తాడు. "మీటింగు ముందుకి జరిపారు. ఆయన లోపలే ఉన్నాడు, కాగితం ముందుంది. సంతకమైతే మళ్లీ తెరవరు."

"ఆపండి!"

"ఒప్పుకున్నవాణ్ని ఆపడం నా పని కాదు," అన్నాడు. "కానీ ఆయన్ని ఇంకో ప్రశ్న అడగాలి. నా ప్రశ్నలు ఎంత పొడుగుంటాయో మీకు తెలుసుగా. త్వరగా రండి."

*

దారి పొడుగునా డాక్టరమ్మ నా గేర్లు మార్చే పద్ధతికి వంక పెడుతూనే ఉంది. మేం తలుపు తోసుకుని వెళ్లేసరికి ఇస్త్రీ ప్రశ్న ఇంకా నడుస్తూనే ఉంది. కమిటీ పెద్దలు ఆవలిస్తున్నారు. మామయ్య చేతిలో పెన్ను.

డాక్టరమ్మ ఎవరి అనుమతీ అడగలేదు. తిన్నగా వెళ్లి ఎడమ చేతి గుప్పిట బల్ల మీద విప్పింది. ఐదు నట్లు దొర్లాయి.

"చక్రం మార్చింది నేను," అంది. "మామయ్య పెట్టినవి ఇవి."

మామయ్య వాటిని చూశాడు. మొహం ఎర్రబడింది. "తుడవకుండా అలాగే జేబులో కుక్కుకున్నావా?" అని అరిచాడు. "ఒకదానికొకటి రాసుకుంటే మరలు ఏమవుతాయి? చిన్నప్పటి నుంచీ చెబుతున్నానా లేదా?"

ఇస్త్రీ మెల్లగా బల్ల దగ్గరికి నడిచాడు. చొక్కా మీద ఆ మరక అలాగే ఉంది.

"జేబులో అని ఆవిడ అనలేదు," అన్నాడు. "మీకెలా తెలుసు?"

ఆ ప్రశ్న నేను అడగాల్సింది. ఇప్పటికీ బాధపడుతుంటాను.

మామయ్య కూలబడ్డాడు. "పన్నెండేళ్ల పిల్లప్పటి నుంచి దీని జేబులే కదయ్యా వెతుకుతున్నాను," అన్నాడు. పెన్ను ఆయన చేతిలోంచి జారిపోయింది. "అది కారెక్కినప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో మీరెవరూ చూడలేదు. ఆ రెండేళ్లు దాని దగ్గర్నుంచి తీసుకోకండి. నాకున్నది తీసుకోండి."

కమిటీ ప్రెసిడెంటు కళ్లజోడు తీసి, పెట్టుకుని, ఆ కాగితం పక్కన పడేసి కొత్త కాగితం మీద రెండేళ్ల నిషేధం రాసి డాక్టరమ్మ వైపు జరిపాడు. ఆవిడ ఎడమ చేత్తో, వంకర టింకరగా, సంతకం పెట్టేసింది. ఒకసారి కూడా ఆగలేదు. పెట్టాక మామయ్య భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చెయ్యి తోసెయ్యలేదు. ముక్కు చీదాడు, నట్లు ఐదూ ఏరి ఆవిడ ఎడమ చేతిలో పోశాడు.

"రెండేళ్లు ఖాళీయేగా. రేపు పొద్దున్నే షెడ్డుకి రా. వీటితో మొదలుపెట్టు, డబ్బాల్లోవన్నీ తుడవాలి."

"చెయ్యి విరిగింది మామయ్యా."

"రెండోది ఉందిగా."